తోకకప్ప నోటికి ఫోటో

తోకకప్పకి పళ్ళుంటాయంటే మా స్టూడియోకి వచ్చేవాళ్ళు నవ్వుతారు. పాస్‌పోర్టు ఫోటో ప్రింటు అయ్యేదాకా ఎలాగూ కూర్చోవాలి కదా, ఆ ఖాళీలో కంప్యూటర్లో పెద్దది చేసి చూపిస్తాను. అప్పుడు నవ్వు ఆగిపోతుంది. "ఇదేటి బాబూ, ఏం పురుగు?" అంటారు. మీ పెరట్లో లైటు కింద కూర్చుని పురుగులు తినే గోండ్రుకప్ప ఉంది చూడండి, దాని పసిపిల్ల నోరు ఇది అంటే నమ్మరు.

మాది గుణుపురం. ఒడిశాలో రాయగడ జిల్లా, వంశధార ఒడ్డు. బజార్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా, సంతరోజున సవర భాష కూడా వినబడే ఊరు. పెళ్ళిళ్ళ సీజన్‌లో తప్ప స్టూడియోకి పెద్ద పనుండదు. పాస్‌పోర్టు ఫోటోలు, లామినేషన్, ఫ్రేములు కట్టడం, అంతే. ఫోన్లు వచ్చాక కెమెరావాడిని పిలిచేదెవరు? ఆ ఖాళీలో పట్టుకున్న పిచ్చి ఇది. మా మేనకోడలు బరంపురంలో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతోంది. ప్రాజెక్టుకి తోకకప్పల ఫోటోలు కావాలంది. కెమెరా పట్టుకుని గెడ్డ (కొండవాగు) దగ్గరికి వెళ్ళి నీళ్ళలో ఉన్నవాటిని పైనుంచి తీసి పంపాను. వెంటనే ఫోన్.

"మావయ్యా, పైనుంచి చూస్తే అన్నీ నల్లగానే కనిపిస్తాయి. కిందనుంచి తియ్యి. నోరు కావాలి నాకు."

"నోరా? అంత చిన్నదానికి నోరెక్కడ కనిపిస్తాదే?"

"కనిపిస్తుంది. నీ దగ్గర ఫ్రేముల అద్దం ఉంది కదా."

ఉంది. ఫ్రేములు కట్టగా మిగిలిన ముక్కలు కొట్టు వెనక గుట్టగా పడి ఉంటాయి. వాటిని కట్టర్‌తో కోసి, అంచులు సిలికాన్‌తో అతికించి సన్నటి పెట్టె చేశాను. రెండు పెద్ద అద్దాల మధ్య వేలు పట్టేంత సందు. అందులో నీళ్ళు పోసి తోకకప్పని వదిలితే వెనక్కి తిరగడానికి చోటు తక్కువ కాబట్టి అద్దానికి నోరు పెట్టి గీకుతుంది. అవతలి వైపునుంచి మనం తీసుకోవచ్చు. పాత 50 ఎంఎం లెన్సుని రింగు వేసి తిరగేసి బిగిస్తే ఖరీదైన మాక్రో లెన్సు అక్కర్లేదు. ఫోకస్ మాత్రం చచ్చేంత టెన్షన్. ఊపిరి బిగబట్టి కెమెరాని వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ జరపాలి.

ముందు ఈ గోండ్రుకప్ప సంగతి. శాస్త్రం పేరు డట్టాఫ్రైనస్ మెలనోస్టిక్టస్. రెండో ముక్క 1799లో ష్నైడర్ అనే ఆయన పెట్టింది. మొదటి ముక్క 2006 నాటిది. ఒడిశాకే చెందిన కప్పల శాస్త్రవేత్త సుశీల్ కుమార్ దత్త గారి గౌరవార్థం పెట్టారు. మా రాష్ట్రం మనిషి పేరు పెరటి కప్పకి ఉందని తెలిశాక ఆ జంతువు మీద నాకు కొంచెం మర్యాద పెరిగింది.

పుట్టాసింగి వైపు కొండలమీంచి దిగే గెడ్డలు వేసవిలో సన్నబడిపోయి, బండల సందుల్లో గుంటలు మిగులుతాయి. తొలి వానలకి మగకప్పలు ఆ పక్క గుంటల్లోనే చేరి రాత్రంతా అరుస్తాయి. ఆడది పెట్టే గుడ్లు విడివిడిగా ఉండవు. పొడవాటి జిగురు దారాల్లో, నల్లటి గుడ్లు వరసగా పేర్చుకుని ఉంటాయి. రెండు అండాశయాలనుంచి ఒకేసారి రెండు దారాలు. వాటినుంచి వచ్చిన పిల్లలు నల్లగా, పొట్టిగా, గుంపులు గుంపులుగా తిరుగుతుంటాయి. మధ్యాహ్నం ఎండకి గుంట అంచుల్లో లోతులేని చోట గుమిగూడతాయి. అక్కడ నీళ్ళు వెచ్చగా ఉంటాయి, ఒళ్ళు నలుపు కాబట్టి ఇంకా తొందరగా వేడెక్కుతాయి. వేడికి ఎదుగుదల కూడా వేగం. గుంట ఎండిపోయేలోపల కాళ్ళు వచ్చెయ్యాలి, వాటికున్న పెద్ద తొందర అదే.

ఇక నోరు.

తోకకప్ప నోరంటే పెదవుల మధ్య చీలిక అనుకోకండి. తలకి కింది వైపున ఒక చిన్న పళ్ళెం ఉంటుంది. పళ్ళెం మధ్యలో నల్లటి కొమ్ము పదార్థంతో చేసిన, పిట్ట ముక్కులాంటి ముక్కు, పైదొకటి, కిందిదొకటి. అంచులు రంపం పళ్ళు తేలి ఉంటాయి. ఆ ముక్కుకి పైన రెండు వరసలు, కింద మూడు వరసలు సన్నటి పళ్ళు. పైన రెండో వరస మధ్యలో తెగి ఉంటుంది, ముక్కుకి దారి ఇచ్చినట్టు. ఈ పళ్ళు ఎముక కాదు. మన గోళ్ళు, వెంట్రుకలు ఏ కెరాటిన్‌తో తయారవుతాయో అదే. ఒకటి అరిగి రాలిపోతే దాని కిందే ఇంకొకటి తయారై ఉంటుంది, పైకి జరుగుతుంది. పళ్ళెం పక్క అంచుల్లో చిన్న చిన్న కండ బొడిపెలు ఉంటాయి. గోండ్రుకప్ప పిల్లల్లో ఈ బొడిపెలు మూలల్లోనే. పైన మధ్యలోనూ కింద మధ్యలోనూ ఉండవు. మామూలు కప్పల పిల్లల్లో చాలావాటికి కింది అంచంతా బొడిపెలే. మా మేనకోడలు ఈ ఒక్క తేడా చూసి "ఇది గోండ్రు, ఇది కాదు" అని తేల్చి పారేస్తుంది.

పైన రెండు, కింద మూడు. ఈ లెక్క గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

అద్దం ముక్కని కొన్నాళ్ళు గుంటలో వదిలేస్తే దానిమీద పచ్చటి పాచి పొర పడుతుంది. ఆ అద్దంతోనే పెట్టె కట్టి పిల్లని వదిలాను. ఫోన్‌లో స్లో మోషన్ పెడితే జరిగేదంతా తెలిసింది. పళ్ళెం విచ్చుకుని అద్దానికి ఆనుతుంది. పళ్ళ వరసలు పాచిని పట్టుకుంటాయి. ముక్కు మూసుకుంటూ గీకుతుంది. వరసలు వదిలేస్తాయి. మళ్ళీ విచ్చుకుంటుంది. ముక్కు వెళ్ళినచోట పాచిలో సన్నటి తెల్లటి దారి మిగులుతుంది. కొంతసేపటికి అద్దమంతా దారులే. నా సర్వీసులో పెళ్ళి వీడియోలు లెక్కలేనన్ని ఎడిట్ చేశాను గానీ ఏ వీడియోనీ ఇన్నిసార్లు వెనక్కి తిప్పి చూసింది లేదు.

ఇంకొకటి కూడా చేసి చూశాం. కేసరిలో వేసే రంగు నీళ్ళలో కలిపి, సిరంజితో ఒక్క బొట్టు పిల్ల ముక్కు రంధ్రాల ముందు వదిలాం. రంగు లోపలికి పోయింది. కాసేపటికి ఒంటికి ఎడమపక్కనుంచి సన్నటి ఎర్రటి ధార బయటికి వచ్చింది. కుడిపక్క ఏమీ లేదు. లోపల మొప్పలు ఉన్నాయి, వాటిమీంచి పోయిన నీళ్ళు బయటపడటానికి ఎడమవైపు ఒక్కటే గొట్టం. నీళ్ళు లోపలికి లాగడం, బయటికి తొయ్యడం నోటి కండరాల పనే. అంటే తోకకప్ప నోరు తిండికీ కావాలి, ఊపిరికీ కావాలి. ఈ సంగతీ గుర్తుంచుకోండి.

గోండ్రు పిల్లల్ని ఒక పెట్టెలో, మామూలు కప్ప పిల్లల్ని ఇంకో పెట్టెలో పెట్టి పక్కపక్కన చూస్తే ఇంకో తేడా తెలుస్తుంది. మామూలు కప్ప పిల్ల మధ్యమధ్యలో పైకి వచ్చి గాలి గుటకేసి వెళ్తుంది. గోండ్రు పిల్ల రాదు. దానికి ఊపిరితిత్తులు చాలా ఆలస్యంగా, కప్పగా మారబోయే ముందు తయారవుతాయి. అప్పటిదాకా మొప్పలూ చర్మమే ఆధారం. (రెండు రకాల్నీ ఒకే పెట్టెలో వెయ్యకండి. పెద్ద పసుపు కప్పల పిల్లలు మాంసాహారులు, పక్కవాళ్ళని తినేస్తాయి.)

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మా గెడ్డలో ఈ పిల్లలు ఉండేది పక్క గుంటల్లోనే. మధ్యలో నీళ్ళు దూకే చోట, నురగ కట్టే బండల మీద ఒక్కటి కూడా కనబడదు. కొండ మీద గట్టి వాన పడి గెడ్డ పొంగిందా, మర్నాటికి అంచు గుంటలు ఖాళీ. ఆ నోటితో రాయిని గీకగలవు గానీ పట్టుకుని నిలబడలేవు. మెత్తటి గుండ్రటి ఒళ్ళు, పలచటి తోక, నీళ్ళు తోస్తే కొట్టుకుపోవడమే. అందుకే ఆ కప్ప వేల గుడ్లు పెడుతుంది. కొన్ని పోయినా కొన్ని మిగులుతాయి.

మరి గోండ్రుకప్పల కుటుంబంలో ఎవరూ దూకే నీళ్ళలో కాపురం పెట్టలేదా అని మేనకోడల్ని అడిగాను. అడిగి ఉండాల్సింది కాదు. పీడీఎఫ్‌ల మీద పీడీఎఫ్‌లు పంపింది. ఇంగ్లీషు నాకు అంతంతమాత్రం. బొమ్మలు మాత్రం బాగా చదవగలను, నా వృత్తే అది.

బోర్నియో అడవుల్లో, మలేసియాలో, థాయిలాండ్ దక్షిణాన, ఫిలిప్పీన్స్‌లో ఆన్సోనియా అనే సన్నటి గోండ్రుకప్పలు ఉన్నాయి. ముప్పైకి పైగా జాతులు. పెద్దవి వాగు ఒడ్డున రాళ్ళమీద, ఆకులమీద ఉంటాయి. పిల్లలు నీళ్ళు ఉరికే చోట బండలకి కరుచుకుని ఉంటాయి. వాటిని కిందనుంచి గీసిన బొమ్మ చూశాను. మన పిల్లకి తల కింద చిన్న పళ్ళెం ఉంటే, దానికి ఒంటి వెడల్పులో ఎక్కువ భాగం ఆక్రమించే పెద్ద పళ్ళెం. పెదవులు వెడల్పుగా పరుచుకుని రాయికి అంటుకుంటాయి. ఒళ్ళు పైనుంచి కిందికి నొక్కినట్టు పలచగా ఉంటుంది. కళ్ళు పక్కలకి కాకుండా పైకి. తోకలో కండ ఎక్కువ, పైనా కిందా ఉండే రెక్క తక్కువ. వెడల్పు రెక్క ఉంటే వరద దాన్నే పట్టుకుని లాగేస్తుంది కదా.

ఆ నోట్లో పళ్ళ వరసలు ఎన్నో చూడండి. పైన రెండు, కింద మూడు.

నాకు ఈ ఒక్క సంగతి దగ్గరే బుర్ర ఆగిపోయింది. గుణుపురం గెడ్డలో నిలవనీటి పిల్లకీ, బోర్నియో వాగులో ఉరికే నీటి పిల్లకీ పళ్ళ లెక్క ఒకటే. వేరే కప్పల కుటుంబాల్లో అలా లేదు. హిమాలయాల్లో, ఈశాన్య రాష్ట్రాల్లో అమోలాప్స్ అనే కప్పల పిల్లలు కూడా ఇలాంటి నీళ్ళలోనే ఉంటాయి, వాటి నోట్లో వరసలు పెరిగిపోయి పైనా కిందా కలిపి పది దాటొచ్చు. గోండ్రు కుటుంబం పళ్ళ జోలికి పోలేదు. పళ్ళ చుట్టూ ఉన్న పెదవిని మాత్రం పెంచుకుంది.

ఇక్కడ ఒక చిక్కుంది. నోటితోనే రాయిని పట్టుకుంటే తినేదెలా? వదిలితే కొట్టుకుపోతుంది, వదలకపోతే ఉన్నచోట పాచి అయిపోతుంది. ఇలాంటి పిల్లలు పెదవిలో ఒక భాగాన్ని ఆనించి ఉంచి, ఇంకో భాగాన్ని కొంచెం ముందుకు జరిపి, అలా అంగుళం అంగుళం పాకుతూ గీకుతాయి. నీళ్ళు ముక్కు రంధ్రాల్లోంచి వస్తాయి కాబట్టి నోరు రాయికి అతుక్కున్నా ఊపిరి ఆడుతుంది. కేసరి రంగు బొట్టు ఎటునుంచి ఎటు పోయిందో చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది.

ఈ చిక్కుని ఇంకో పద్ధతిలో విప్పినవి దక్షిణ, మధ్య అమెరికాల్లో ఉన్నాయి. అటెలోపస్ అనే రంగురంగుల గోండ్రుకప్పలు, కోస్టారికానుంచి బొలీవియా దాకా, దాదాపు 100 జాతులు. పనామాలో బంగారు కప్ప అని పిలిచేది వీటిలోదే. పేరుకి కప్ప అన్నారు గానీ గోండ్రు కుటుంబమే. వీటి పిల్లలకి నోరు నోరుగానే ఉంది. నోటి వెనక, పొట్ట మొత్తాన్ని ఆక్రమిస్తూ ఇంకో గుండ్రటి పళ్ళెం ఉంది. మన బాత్రూం గోడకి అతికించే రబ్బరు కప్పు పనే అది చేస్తుంది. అంచు రాయికి అతుక్కుంటుంది, మధ్యభాగాన్ని కండరాలు పైకి లాగితే లోపల పీడనం తగ్గి, బయటి నీళ్ళే దాన్ని రాయికి అదిమిపెడతాయి. పట్టుకునే పని పొట్టది, గీకే పని నోటిది. ఆన్సోనియాకి ఒకే అవయవం రెండు ఉద్యోగాలు చేస్తుంటే, అటెలోపస్‌కి ఇద్దరు పనివాళ్ళు. నా ఓటు అటెలోపస్‌కే. మేనకోడలు ఒప్పుకోదు. "రెండూ బతుకుతున్నాయి కదా మావయ్యా, ఏది గొప్పని నువ్వెలా చెప్తావు?" అంటుంది. పొట్ట కింద అంత పళ్ళెం ఉంటే పేగులకి చోటు తగ్గదా అని ఎదురు ప్రశ్న కూడా వేసింది. నా దగ్గర జవాబు లేదు. ఓటు మార్చుకోలేదు.

అటెలోపస్ నోట్లో ఎన్ని వరసలంటారా? రెండు, మూడు. అదే లెక్క.

వీటికి ఊపిరితిత్తుల ఆలస్యం కూడా కలిసొచ్చింది. ఒంట్లో గాలి ఉంటే తేలతాం. ఉరికే నీళ్ళలో అడుగున రాయికి అంటుకుని ఉండాల్సినదానికి తేలడం ప్రమాదం. మిగతా కప్పల్లో వాగులోకి వచ్చినవాటికి ఊపిరితిత్తులు కుదించుకోవాల్సి వచ్చింది. గోండ్రు పిల్లలకి మొదటినుంచీ గాలి గుటకేసే అలవాటు లేదు. పైగా బండలమీద పగిలి దూకే చల్లటి నీళ్ళలో ఆక్సిజన్‌కి కొదవ ఉండదు, మొప్పలకి అది చాలు.

రాయికి ఆనుకున్నచోట నీళ్ళ వేగం మనం పైనుంచి చూసినంత ఉండదు. రాయిని తాకే పొర దాదాపు కదలదు, దానికి పైపై పొరలు కొంచెం కొంచెం వేగం పుంజుకుంటాయి. ఒళ్ళు ఎంత పలచగా ఉంటే అంత ఎక్కువ భాగం ఆ నెమ్మది పొరల్లో దాక్కుంటుంది. ఇది మీరే చూడొచ్చు. గెడ్డలో నీళ్ళు ఉరికే బండమీద అరచెయ్యి పరిచి ఆనించండి, తర్వాత అదే చేతిని అంచుమీద నిలబెట్టండి. తేడా భుజానికి తెలుస్తుంది.

ఇవి గుడ్లు పెట్టే తీరు కూడా మన గోండ్రుది కాదు. అటెలోపస్ గుడ్ల దారాలు వాగులో రాళ్ళ కింద, వెలుతురు పడనిచోట అంటుకుని ఉంటాయి. వాటికి నల్లరంగు ఉండదు, పాలిపోయిన తెలుపు. ఎండ తగలనిదానికి నలుపు దేనికి? మగది ఆడదాని వీపునెక్కి వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి దిగదు. ఈ ముక్క చదివి మా ఆవిడ అన్నమాట ఇక్కడ రాయలేను.

పెట్టెలో ఒక్కో పిల్ల ఏ దశలో ఉందో మేనకోడలు గాస్నర్ అంకెలతో చెబుతుంది. 1960లో గాస్నర్ అనే ఆయన గుడ్డునుంచి కప్పదాకా 46 దశలు గీత గీసి పెట్టాడు. 42వ దశలో ముందుకాళ్ళు బయటికి వస్తాయి. ఎడమ చెయ్యి చాలాసార్లు ఆ ఎడమపక్క గొట్టంలోంచే వస్తుంది, ఒకసారి నా కెమెరాకి చిక్కింది. అప్పటికి నల్లటి ముక్కు, పళ్ళ వరసలు అన్నీ ఊడిపోతాయి, నోరు కప్ప నోరుగా వెనక్కి చీలుతుంది. కొన్నాళ్ళు తిండి లేదు, తోకని కరిగించుకుని బతకాలి. పొడవాటి పేగుల చుట్ట కూడా కుదించుకుపోతుంది, ఇకమీదట పాచి కాదు కదా, పురుగులు. గుంటలో పిల్లకి ఇది పెద్ద ఇబ్బంది కాదు, ఒడ్డు పక్కనే. ఉరికే నీళ్ళలో ఉన్న పిల్ల మాత్రం రాయిని పట్టుకునే సాధనం ఊడిపోయేలోపల నెమ్మది నీళ్ళకి చేరుకోవాలి.

ఈ కెరాటిన్ పళ్ళకి ఇంకో కథ ఉంది, అది మంచి కథ కాదు. కప్పల చర్మాన్ని తినే కైట్రిడ్ అనే బూజుని 1998లో గుర్తించారు, 1999లో పేరు పెట్టారు. దానికి కావాల్సింది కెరాటిన్. పెద్ద కప్పకి ఒళ్ళంతా ఉంటుంది, కాబట్టి ఒళ్ళంతా పట్టి చంపుతుంది. తోకకప్పకి ఆ పదార్థం నోట్లోనే ఉంటుంది. కాబట్టి బూజు నోటికే పడుతుంది. పళ్ళ నలుపు పోతుంది, వరసలు రాలుతాయి, పిల్ల మాత్రం వెంటనే చావదు. కప్పగా మారి ఒళ్ళంతా కెరాటిన్ వచ్చాక అప్పుడు చస్తుంది. అటెలోపస్ జాతుల్లో చాలావాటిని ఈ బూజు తుడిచిపెట్టేసింది. పనామాలో ఎల్ వాయె అనే ఊళ్ళో 2006లో బూజు వచ్చేలోపలే కప్పల్ని పట్టి తెచ్చి హోటల్ గదుల్లో పెట్టి కాపాడారు. బంగారు కప్ప 2009 తర్వాత అడవిలో ఎవరికీ కనబడలేదు, పెంపకంలో మాత్రమే మిగిలింది. ఆ పెంపకంలో పిల్లలకి పారే నీళ్ళు కావాలి, గీకడానికి పలకల మీద పాచి పొడి పూసి పెట్టాలి. గుంటలో అద్దం ముక్క వదిలి పాచి పట్టించుకున్నవాడిగా ఆ కష్టం ఎంతో నేను ఊహించగలను.

మా గెడ్డ సంగతి చెప్పి ముగిస్తాను. పోయిన వేసవిలో రోడ్డు పనికి కంకర కావాలని కాంట్రాక్టరు ఒకాయన పైన బండలు పగలగొట్టించాడు. వానలకి ఆ పొడి, మట్టి అంతా కిందికి దిగి గుంటలు మేటవేసుకుపోయాయి. మిగిలిన రాళ్ళమీద బురద పొర. వేలితో రాస్తే జారుతుంది, కింద పాచి నల్లగా కుళ్ళి ఉంది. గోండ్రుకప్పలకి ఏమీ కాలేదు, రోడ్డు పక్క టిప్పర్లు తొక్కిన గోతుల్లో గుడ్లు పెట్టేసుకున్నాయి. వాటికి రాయి లేకపోయినా నీళ్ళుంటే చాలు. ఇదే మట్టి ఆన్సోనియా ఉండే వాగులో దిగితే? పెదవి అతుక్కోవడానికి నునుపు రాయి ఉండదు, గీకడానికి పాచి ఉండదు. నీళ్ళు అలాగే పారుతూ ఉంటాయి, చూసేవాడికి వాగు బాగానే ఉందనిపిస్తుంది.

నీళ్ళే లేకుండా పోయిన గోండ్రుకప్ప కూడా ఒకటుంది. టాంజానియాలో కిహాన్సి జలపాతం తుంపర పడే రెండు హెక్టార్ల జాగాలో బతికేది. దానికి తోకదశ లేనే లేదు, నేరుగా బుల్లి కప్పల్నే కంటుంది. 2000లో కరెంటు కోసం నీళ్ళు మళ్ళించాక తుంపర ఆగిపోయింది, 2009కి అడవిలో అంతరించిందని ప్రకటించారు. దుడుమ జలపాతం చూడ్డానికి వెళ్ళినప్పుడు, మాచ్‌ఖండ్ ప్రాజెక్టు కట్టకముందు ఆ రాళ్ళమీద ఏమేం ఉండేవో అని నాకు అనిపిస్తూ ఉంటుంది. అప్పట్లో కిందనుంచి ఫోటో తీసినవాడు ఎవడూ లేడు.

మన దేశంలోనూ ఉరికే వాగుల గోండ్రుకప్పలు ఉన్నాయి. పశ్చిమ కనుమల్లో, కొడగు వైపు. ఒకప్పుడు వాటినీ ఆన్సోనియా అనే అనేవారు, 2009లో విడదీసి ఘాటోఫ్రైన్ అని పేరు పెట్టారు. మా తూర్పు కనుమల గెడ్డల్లో అలాంటివి నాకు ఎక్కడా తగల్లేదు. పశ్చిమ కనుమల వైపు ఉద్యోగాలు చేసే తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు కదా. వానాకాలంలో ఎటైనా వాగు దగ్గరికి వెళ్తే, నీళ్ళు దూకే బండమీద నల్లగా అంటుకున్నది ఏదైనా ఉంటే ఫోటో తీసి పంపండి. పట్టుకోకండి, అడవిలో పట్టాలంటే అటవీశాఖ అనుమతి ఉండాలి. పలచటి అద్దం ముక్క ఒకటి నీటి ఉపరితలం మీద ఆనిస్తే అలల మెరుపు పోయి కిందిది స్పష్టంగా వస్తుంది. ఒక వాగులో తడిసిన బూట్లు, అద్దం ఎండలో బాగా ఆరబెట్టకుండా ఇంకో వాగులో దించొద్దు, బూజు అలాగే ఊళ్ళు తిరుగుతుంది. పక్కన స్కేలు గానీ రూపాయి బిళ్ళ గానీ పెట్టి తీయండి. సైజు తెలియకపోతే మా మేనకోడలు ఫోటో చూడకుండానే తిప్పి పంపిస్తుంది, ఆ తిట్లు నేను పడాలి.